తగ్గని భరణం

నా కొడుకు పనిచేసే పత్తి మిల్లు మూతపడ్డాక, మనవరాలి భరణం తగ్గించమని కోర్టుకు వెళ్లాం. కోడలు అప్పటికే వాణ్ణి విడిచి పిల్లతో వేరుగా ఉంటోంది. మిల్లు జీతం చూసి కోర్టు నెలకు ఆరువేలు కట్టమంది. జీతం పోయాక వాడు రోజు కిరాయికి ఆటో తీసుకుని నర్సంపేట రోడ్డులో నడిపాడు. ఇంటికి తెచ్చేది బియ్యానికే చాలేది కాదు.

అయినా నేను ఒక్క నెల కూడా బాకీ పెట్టనివ్వలేదు. కట్టకపోతే జైలే అన్నాడు మా వకీలు. ఆరు నెలలు నా బంగారు గాజులు అమ్మి కట్టించాను. బిల్లు రాస్తే ఇచ్చే పైసలు కొంత తగ్గుతాయన్నాడు గాజులు కొన్న సేటు.

"కాయితం నాకెందుకు? పైసలియ్యి" అన్నాను.

కోర్టులో కోడలి వకీలు లేచాడు. "ఆరు నెలలు ఒక్కరోజు లేటు లేకుండ కట్టిండు మేడం. ఆదాయం లేకుంటే యాడికెల్లి కట్టిండు?"

నేను వెనక నుంచి లేచాను. "నా గాజులమ్మి కట్టిన, బిడ్డా!"

జడ్జి మేడం కోప్పడలేదు. "అమ్మిన రసీదు ఉందా అమ్మా?" అని అడిగింది.

లేదు. పిటిషన్ కొట్టేశారు.

బయటికి రాగానే కొడుకు నా మీద విరుచుకుపడ్డాడు. "నువ్వే ముంచినవ్ అమ్మా! జర ఆగి కడదామంటే విన్నవా?"

"జైల్ల కూసొని ఆటో నడుపుతవారా?" అన్నాను. అన్నానే గానీ, వాడన్నది అబద్ధం కాదు.

మెట్ల దగ్గర కోడలు ఎదురొచ్చింది. "అత్తమ్మా, నిజంగనే గాజులమ్మినవా?"

బోసి చేతులు చూపించాను. పట్టుకుని తిప్పి చూసింది. సగానికి ఒప్పుకుంటుందేమోనని ఆశపడ్డాను.

"నాకు తెల్వది. అయినా నేనేం జెయ్యాలె? నీ కొడుకు పని పోయిందని పిల్ల తినుడు బంజేస్తదా? బట్టల షాపుల పొద్దందాక నిలవడితె వచ్చేది ఇంటి కిరాయికే పోతాంది."

తిడదామనుకున్నాను గానీ, ఆమె స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని.

తర్వాతి సోమవారం నుంచే, భరణం పైసల కోసం, మార్కెట్లో మిర్చి తొడిమెలు తీసే కూలికి కుదిరాను. సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టుండేవి. పొద్దున్నే కొడుకే ఆటోలో దింపేవాడు. నేను మోకాళ్లు పట్టుకుని మెల్లగా దిగుతుంటే, రోడ్డు మీద నిలబడ్డ పాసింజర్లు వేరే ఆటో ఎక్కేస్తారని హారన్ కొట్టేవాడు.