ఒక్క మీటరు, రెండు వంతులు

పావగడ ఊరి చివర, విత్తనానికి వేరుశనగ కాయ దాచే గోడౌన్‌లో నేను ఆపరేటర్‌గా పనిచేసిన రోజులవి. తొంభైలు ముగియవస్తున్నాయి. అక్కడ రెండు షెడ్లు, రెండింటి గోడలకూ పెద్ద ఫ్యాన్లు, ఒక్కో షెడ్డుకు ఒక్కో కంట్రోలర్. బయటి గాలి పొడిగా ఉంటే కంట్రోలర్ ఫ్యాన్లు తిప్పుతుంది, చెమ్మగా ఉంటే ఆపుతుంది. గాలిలో తేమ ఎంతో చెప్పే మీటరు మాత్రం ఒక్కటే. దాన్ని ముంగిట్లో గుంజకు బిగించి, అక్కడి నుంచి రెండు షెడ్లకూ ఒకే తీగ లాగారు.

ఆ మీటరు ఒకసారికి ఒకరికే జవాబు చెబుతుంది. అందుకని బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు మొదటి షెడ్డులోని నా కంట్రోలర్ ఒక్కటే దాన్ని అడిగేటట్టు, రెండో షెడ్డుది నా దాన్ని అడిగి తెలుసుకునేటట్టు అమర్చాడు. ఐటీఐ చదివినవాణ్ణి, నాకు అంతకంటే ఏం కావాలి? రోజూ పొద్దున్నే నిచ్చెన వేసుకొని మీటరు మీది దుమ్ము తుడిచేవాణ్ణి. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అది నా మీటరనే చెప్పేవాణ్ణి.

అప్పుడు రెండో షెడ్డుకు ఆపరేటర్‌గా ఆమె వచ్చింది. రాయచెర్లు ఊరి కోడలు, పీయూసీ చదివింది, నాకంటే చిన్నది. నెల తిరక్కుండానే మిషన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివేసి, నా కంట్రోలర్ ఆగితే తన షెడ్డు కూడా గుడ్డిదైపోతుందని యజమానికి చెప్పింది. నిజమే. నిజం కాబట్టే నాకు ఒళ్లు మండింది. ఇంజనీరు మళ్లీ వచ్చి వంతులు పెట్టాడు. పది సెకన్లు నా కంట్రోలర్ అడగాలి, పది సెకన్లు ఆమెది.

అంతటితో పోయినా బాగుండేది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మంగళవాడలో మా చేను మొత్తం మీద మిగిలింది మూడు గోతాల కాయ. మరుసటి ఏటికి అదే విత్తనం, అది చెడితే చేను బీడే. అమ్మ ఆ మూడు గోతాలూ బండి మీద తెచ్చి, నా షెడ్డు దాటుకొని పోయి ఆమె షెడ్డులో దింపించింది.

"ఆడెందుకమ్మా? ఈడ నేనుండా గదా," అన్నాను.

"నీ మిషన్ సంగతి నాకేం తెల్సప్పా. ఆ యమ్మి కాయ చెవికాడ పెట్టుకొని ఊపి చూస్తాది. మా అమ్మ అట్లే చూస్తా ఉండె," అంది అమ్మ.

బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. చెమ్మ తగిలితే ఆ చప్పుడు మందగిస్తుంది. మా వైపు ఆడవాళ్లకు కొత్త విద్యేం కాదు. అయినా నాకు అసూయతో రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం నా కంట్రోలర్ బటన్లు నొక్కి వంతులు తీసేశాను. ఇక నాది ఆపకుండా అడుగుతూనే ఉంటుంది, ఆమెదానికి సందు దొరకదు. జవాబు రాక ఆమె ఫ్యాన్లు ఆగిపోతాయని, వచ్చి చూడమని నన్ను బతిమాలుకుంటుందని నా ఆశ.

ఆగలేదు. మూడు గంటలకు మబ్బు పట్టి చెమ్మగాలి మొదలైంది. నా ఫ్యాన్లు వాటంతట అవే ఆగాయి. పక్క షెడ్డువి తిరుగుతూనే ఉన్నాయి. అప్పటికి గాని నాకు తట్టలేదు. జవాబు అందని ఆ కంట్రోలర్ చివరగా విన్న అంకెనే పట్టుకొని కూర్చుంది. దాని దృష్టిలో ఇంకా ఎండ కాస్తూనే ఉంది. చెమ్మగాలినంతా లోపలికి, మా గోతాల మీదికి లాగుతోంది.

లేచి రెండు బటన్లు నొక్కితే సరిపోయేది. కానీ నొక్కితే ఆమె షెడ్డు ఎప్పటిలాగే నడుస్తుంది, ఆమె నన్ను అడగనే అడగదు. ఇంకాసేపు చూద్దామని కూర్చున్నాను. మా విత్తనమని తెలిసి కూడా కూర్చున్నాను.

కాసేపటికి పక్క ఫ్యాన్లు ఆగాయి. పోయి చూస్తే ఆమె మెయిన్ స్విచ్ దించేసి, ఫ్యాను ముందున్న గోతం మూతి విప్పి కాయ ఊపుతోంది. ఆ గోతం మాదే.

"అంకె కదల్లేదన్నా. గాలేమో మారినట్ల ఉండె," అని నా చేతిలో ఒక కాయ పెట్టింది. ఊపాను. చప్పుడు మందంగా వచ్చింది.

"చెడలేదులేన్నా. రేపు ఎండకు పోస్తే సరిపోతాది," అంది. తర్వాత నా షెడ్డు వైపు చూసి, "నా మిషన్‌కి కూడా రవ్వంత సందియ్యన్నా," అంది.

వెళ్లి వంతులు మళ్లీ పెట్టాను.

మర్నాడు ముంగిట్లో కాయ ఆరబోస్తుంటే అమ్మ వచ్చి ఏమైందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"గాలి మారింది పెద్దమ్మా. అన్నే చూసి చెప్పినాడు."

అమ్మ నా వైపు తిరిగింది. "అట్లయితే వచ్చే ఏడు నీ షెడ్డులోనే పెడ్తాలేప్పా," అంది.

నేను కోరుకున్నది ఆ మాటే. అబద్ధమని చెప్పలేదు. తల వంచుకొని కాయ పలచగా నెరపుతూ, అంత మంచితనం ఈమెకు ఎక్కడి నుంచి వచ్చిందని అప్పుడు కూడా కుళ్లుకుంటూనే ఉన్నాను.