సిరా తక్కువ తాగే ప్రింటరు

గౌస్ మొహిద్దీన్ గారు కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లు తెనాలిలో అరుదు. బోసురోడ్డులో నా ఇంటర్నెట్ సెంటరుకి వచ్చినా అంతే. కుర్చీ లాగి వేస్తాను. "ఉండనీ బాబూ ప్రకాశం" అంటారు. గుమ్మం దాకా వెళ్లి రోడ్డు చూస్తారు. మళ్లీ లోపలికొచ్చి నా బల్ల మీది కాయితాలు సర్దుతారు, మౌసు తీసి పక్కన పెడతారు. అరవై దాటిన మనిషికి ఈ కాలుగాలిన పిల్లి తిరుగుడేంటని నాకు ఒళ్లు మండేది. నాకు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదు, ఆ సంగతి మా ఇంట్లో ఎవర్ని అడిగినా చెబుతారు.

ఆయన పని ఉర్దూలో పెళ్లి కార్డులు రాయడం. మా వైపు ముస్లిం ఇళ్లలో పెళ్లి కార్డులు తెలుగులోనే అచ్చేయిస్తారు. కానీ రెండు వైపులా ఉన్న ముసలివాళ్లకి మాత్రం ఓ నలభై కార్డులు ఉర్దూలో ఇవ్వడం మర్యాద. ఆ నలభై కార్డుల కోసం ఏ ప్రెస్సువాడూ మిషను తిప్పడు. అందుకని గౌస్ గారే ఒక్కొక్క కార్డూ చేత్తో రాసేవారు. రెల్లు కలం, ఇంట్లో చేసుకున్న సిరా. ఆముదం దీపం మీద మట్టి మూకుడు బోర్లించి పట్టిన మసి, తుమ్మజిగురు, ఇంకా ఏవో కలిపి నూరేవారు. వాళ్ల అమ్మ నేర్పిన సిరా అది. ఆయన భార్య మున్నీసా గారు కార్డులు ఆరబెట్టి మడతలు పెట్టేది. కలం, చిన్న సిరా సీసా ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉండేవి.

రెండు వేల ఏడు వేసవిలో వచ్చి, నిలబడే అడిగారు. "నా పాత రాతని కంప్యూటర్లోకి ఎక్కిస్తే, ఇంట్లోనే అచ్చు తీసుకోవచ్చా ప్రకాశం?"

"తీసుకోవచ్చండి. ప్రింటరు కొనుక్కోవాలి."

"కొంటాను. ఖరీదు సంగతి తర్వాత. సిరా తక్కువ తాగేది చూడు."

తెనాలిలో ఉన్న రెండు మూడు షాపులూ తిరిగాం. అందరూ ప్రింటరు ధర అడుగుతారు, ఈయన సిరా డబ్బా ధర అడుగుతారు. విన్నాక షాపతని మొహం మీదే అనేశారు. "ఈ డబ్బాలు రెండు కొంటే ఇంకో ప్రింటరే వస్తుంది కదయ్యా! బర్రెని ఊరికే ఇచ్చి, గడ్డి మాత్రం మా దగ్గరే కొనమన్నట్టుంది." షాపతను నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను.

"అమ్మేవాడు మంచిదనే చెబుతాడు. ఇంట్లో పెట్టుకుని వాడుతున్నవాళ్లని అడగాలి" అన్నారు గౌస్ గారు బయటికొచ్చాక. పెళ్లి సంబంధానికి వాకబు చేసినట్టు మొదలుపెట్టారు. ఎవరింట్లో ప్రింటరు ఉందని తెలిసినా వదలరు. చివరికి నా పీకల మీదికే వచ్చింది. బాపట్లలో టీచరుగా చేసే మా పెద్దమ్మ కూతురు కరుణక్క ప్రింటరు కొందని నోరు జారాను. మర్నాడు పొద్దున్నే ఇద్దరం బాపట్ల రైల్లో ఉన్నాం.

కరుణక్క మమ్మల్ని కూర్చోబెట్టింది. గౌస్ గారు కుర్చీ అంచున ఆని, "నెలకెంత తాగుతుందమ్మా?" అని అడిగారు. పేపరు చదువుకుంటున్న మా బావ ఉలిక్కిపడి తల ఎత్తాడు. "ప్రింటరు సంగతి బావా" అన్నాను.

"తాగినా బాగుండేది బాబాయిగారూ" అంది అక్క, ప్రింటరు మీద కప్పిన కుట్లగుడ్డ తీస్తూ. "పిల్లల పరీక్ష పేపర్లు అయ్యాక ఆర్నెల్లు ముట్టుకోలేదు. డబ్బాలో సిరా ఎండిపోయిందంట. ఊరికే కూర్చోబెడితే పాడైపోతుందంటండి ఇది."

"కూర్చోబెడితే పాడైపోతుందా?" అన్నారాయన. ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలినట్టుంది.

టీ వచ్చింది. గౌస్ గారు సాసరు కుడిచేత్తో అందుకుని ఒడిలో పెట్టుకున్నారు. కాసేపటికి కప్పు చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు, చెయ్యి మాత్రం గడగడా వణుకుతోంది. చటుక్కున లేచి కిటికీ దగ్గరకెళ్లి కప్పు ఎత్తి తాగారు. ఎత్తినప్పుడు వణుకు లేదు.

తిరుగు రైల్లో బోగీ తలుపు దగ్గర నిలబడి ఆయనే చెప్పారు. "ఊరికే ఉంటే వణుకుతుంది. ఏదో ఒక పని చెబితే ఆగుతుంది. అందుకే దానికి పని చెబుతూ తిరుగుతుంటాను. మున్నీసాకి తప్ప ఎవరికీ తెలీదు."

"రాసేటప్పుడు వణకదు కదండీ?" అన్నాను.

"వణకదు. కానీ అక్షరం చిన్నదైపోతోంది ప్రకాశం. పెద్దగానే మొదలుపెడతాను. వరస చివరికొచ్చేసరికి చీమలైపోతాయి. నూన్ అని మాకో అక్షరం ఉంది, గిన్నెలా రాసి మధ్యలో చుక్క పెడతాం. నా నూన్‌లో ఇప్పుడు చుక్క కూడా పట్టట్లేదు. రంజానుకి మా ఆపాకి ఉత్తరం రాస్తే ఫోను చేసి, సిరా పొదుపు చేస్తున్నావా అని నవ్వింది. నవ్విందే గానీ గొంతులో అనుమానం ఉంది."

ఆపా అంటే ఆయన అక్క, రేపల్లెలో ఉండే ఆసియా గారు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచిందీ, కలం పట్టించిందీ ఆవిడే. ఆవిడ మనవరాలు సుమయాకి వచ్చే నెల పెళ్లి. ఆ కార్డుల్లో అక్షరం మునుపటిలా లేకపోతే ఆవిడకి తెలిసిపోతుంది. "పెళ్లింట్లో మా ఆపా నా కోసం ఏడవకూడదు. అంతే నాక్కావలసింది. గుంటూరు డాక్టరు, మందులు అన్నీ పెళ్లి తర్వాత" అన్నారు. ఇక ఆయన గుమ్మం దాకా వెళ్లి రావడం చూస్తే నాకు ఒళ్లు మండలేదు.

నాలుగు రోజులకి రేపల్లె బండెక్కాం. ఆసియా గారి కొడుకు ఇమ్తియాజ్‌కి అక్కడ జిరాక్సు షాపుంది. భట్టిప్రోలు దాటేదాకా గౌస్ గారు బోగీ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూనే ఉన్నారు. టిక్కెట్లు చూసేవాడు ఈయన్ని రెండుసార్లు అడిగాడు.

ఇమ్తియాజ్ తేల్చి చెప్పాడు. "కొత్త మోడల్సు జోలికెళ్లకండి మామూ. వాటి డబ్బాకి చిప్పుంటుంది, మనం పోస్తే ఒప్పుకోదు. నల్లదీ రంగులదీ డబ్బాలు వేరుగా ఉండే పాత రకం తీసుకోండి. ఖాళీ అయితే సిరంజితో పోసుకోవచ్చు. సిరా సీసా నేనిస్తాను, చాలా చవక. రోజూ ఒక కాయితమైనా తియ్యండి, లేకపోతే ఎండిపోతుంది." తర్వాత, "ఇంటికి పదండి, అమ్మ మీ కోసం కలవరిస్తోంది" అన్నాడు.

"కార్డులతో వస్తాలే" అని గౌస్ గారు కుడిచెయ్యి జేబులోకి దూర్చి స్టేషను వైపు నడిచేశారు.

ప్రింటరు కొన్నాం. మున్నీసా గారు పెట్టెలోంచి పాత కార్డొకటి తీసిచ్చింది. ఇమ్తియాజ్ పెళ్లినాటిది. గౌస్ గారి చెయ్యి మంచి ఊపు మీదున్నప్పుడు రాసింది. దాన్ని స్కాన్ చేసి, పేర్లు తీసేసి, సుమయా పేరుకి కావలసిన అక్షరాలు అందులోంచే ఏరి అతికించాను. నాకు ఉర్దూ రాదు. పక్కన నిలబడి ఆయన, "కొంచెం పైకి, ఇంకొంచెం, అబ్బ, అంత కాదు" అంటుంటే గీతలు అతికించే పనయింది. మొదటి కాయితం బయటికి రాగానే మున్నీసా గారు దాన్ని వెలుతురు వైపు పట్టుకుంది. "మీరే" అంది, అంతే. గౌస్ గారు ప్రింటరు చుట్టూ ఒక తిరుగు తిరిగొచ్చారు.

అప్పట్నుంచీ ప్రింటరుకి కూర్చునే యోగం లేకుండా పోయింది. ఎండిపోతుందేమోనని పొద్దున ఒక కాయితం, సాయంత్రం ఒకటి. పడుకునే ముందు ఇంకోటి. సిరా పొదుపు కోసం వెతికి వెతికి కొన్న ప్రింటరులో కంపెనీ సిరా అసలు పని మొదలవకముందే అయిపోయింది. ఇమ్తియాజ్ ఇచ్చిన సీసా మూత తీయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంట్లో సిరా చేసుకునేవాణ్ణి నేను సిరా కొనడమేంటయ్యా?"

"వద్దండి. అది కలానికి పనికొచ్చే సిరా, దీని దారి వేరు" అన్నాను. వింటేగా! పల్చటి గుడ్డలో మూడుసార్లు వడకట్టి సిరంజితో ఎక్కించారు. మొదటి మూడు కార్డులు వచ్చాయి చూడండి, అంత నలుపు నేను ఏ మిషన్లోనూ చూడలేదు. నాలుగో దానిలో తెల్ల గీతలు పడ్డాయి. ఐదోది తెల్లకాయితమే వచ్చింది. మరి డబ్బా అడుగున సిరా వచ్చే బెజ్జాలు కంటికి కూడా ఆనవు, తుమ్మజిగురు వాటిని మూసేసింది. వేడినీళ్లలో ముంచారు, గుడ్డతో తుడిచారు, నోటితో ఊదారు. మూతికి మసి అంటుకుంది గానీ డబ్బా మాత్రం తెరుచుకోలేదు.

శుక్రవారం నమాజు తర్వాత కార్డులు పంచడం మొదలుపెట్టాలి. గురువారం పొద్దున నా సెంటర్లో పక్కన పడేసిన అదే రకం ఖాళీ డబ్బా ఒకటి వెతికి, అందులో ఇమ్తియాజ్ సీసా సిరా పోశాను. నలభై కార్డులూ అయ్యాయి. అక్షరాలు పెద్దవి, నిండైనవి, నూన్‌లో చుక్కకి దిట్టంగా చోటుంది. గౌస్ గారు ఒకటి తీసి చూసి, "నల్లగా ఉంది గానీ నలుపు కాదు" అన్నారు.

శుక్రవారం రేపల్లెకి నన్ను కూడా రమ్మన్నారు. ఆసియా గారు వసారాలో మంచం మీద ఉన్నారు. ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయింది, పూటపూటకీ చుక్కల మందు వేస్తున్నారు. గౌస్ గారు మంచం పక్కన నిలబడి మొదటి కార్డు ఆవిడ చేతికిచ్చారు. చెయ్యి వెంటనే జేబులోకి పోయింది.

ఆవిడ కార్డుని దూరంగా పట్టుకుని చూసింది. మొహమంతా వెలిగిపోయింది. "చూడరా ఇమ్తియాజూ! మీ మామ చెయ్యి బాగానే ఉంది. రంజాను నాటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. చిన్నగా రాస్తున్నాడే, ఏమైందోనని. ఇంక నాకు దిగుల్లేదు." పైన దేవుడి పేరున్న వరసని ముద్దు పెట్టుకుని, వాళ్ల అలవాటు ప్రకారం కళ్లకద్దుకుంది.

కార్డు దించేసరికి ఆవిడ కనురెప్ప మీద నల్లటి మరక ఉంది. చుక్కల మందు తడికి మొదటి వరస సగం అలుక్కుపోయింది.

ఆవిడ వేలితో రెప్ప తుడుచుకుని వేలి వంక చూసుకుంది. కార్డు వంక చూసింది. "అమ్మ సిరా ఇలా కారదే" అంది మెల్లగా. "ఇది ఇమ్తియాజ్ పెళ్లిలో నువ్వు రాసిన రాత. ఇప్పటిది కాదు."

గౌస్ గారు గుమ్మం వైపు కదిలారు.

"కూర్చో" అందావిడ.

"పనుందాపా, ఈ కార్డులు..."

"గౌసూ, కూర్చో."

కూర్చున్నారు. ఆయన కూర్చోవడం నేను సరిగ్గా చూసింది అదే మొదటిసారి. చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నారు. అది అందరి ముందూ వణకడం మొదలుపెట్టింది. ఆసియా గారు దాని మీద తన చెయ్యి వేసింది. ఇప్పుడు రెండు చేతులూ వణుకుతున్నాయి.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్లు."

"రెండేళ్లుగా నా నుంచి దాచావా?" ఆవిడ ఏడవలేదు, కోప్పడింది. "పెళ్లి తర్వాత, గిళ్లి తర్వాత అంటే ఊరుకోను. సోమవారం ఇమ్తియాజ్ నిన్ను గుంటూరు తీసుకెళ్తాడు." కార్డు తిప్పి వెనకవైపు తెల్లగా ఉన్నచోట వేలు పెట్టింది. "ఇక్కడ నా పేరు రాయి."

"చిన్నదైపోతుంది ఆపా."

"అయితే ఏంటి? దగ్గరగా పెట్టుకుని చదువుకుంటాలే."

గౌస్ గారు జేబులోంచి కలం, సిరా సీసా తీశారు. కార్డు మోకాలి మీద ఆనించి రాశారు. మొదటి అక్షరం బాగానే నిలబడింది. తర్వాతవి ఒకదానికొకటి కుంచించుకుపోయి, చివరికి చీమంత అయ్యాయి. సిరా ఆరేదాకా ఆయనే ఊదారు. ఆవిడ కార్డు అందుకుని, ముక్కుకి తగిలేంత దగ్గరగా పట్టుకుని, తన పేరు పైకి చదివింది.