బెరడు పడవ పక్కన ఆమె

విదేశీ వేలం సంస్థలకు కేటలాగులు తయారుచేయడం మాదాపూర్‌లో మా ఆఫీసు పని. ఆ వారం నా వంతుకు కెనడా నుంచి ఒక పాత తైలవర్ణ చిత్రం వచ్చింది. అక్కడి ఆదివాసులైన అల్గాంక్వియన్ తెగల వాళ్ల విడిది అది. చెట్టు బెరడు కప్పిన గుడిసె, మూడు కర్రల మధ్య వేలాడే కుండ, పలకకు చుట్టి కట్టి చెట్టుకు ఆనించిన పసిబిడ్డ. సరస్సు ఒడ్డున బోర్లించిన బెరడు పడవ, దాని పక్కన ఒక స్త్రీ. వాళ్లు పంపిన వివరాల్లో ఉన్నట్టే, ‘మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుంటున్న స్త్రీ’ అని రాశాను.

మా అంతస్తు శుభ్రం చేసే అక్క బల్ల తుడుస్తూ నా కంప్యూటర్ తెర ముందు ఆగిపోయింది. పాలమూరు మనిషి, యాభై దాటి ఉంటాయి.

"ఏం రాసినవ్ మేడం?"

చదివి వినిపించాను.

"ఊకె ఏడ కూసున్నది? కుడుతున్నది. కాలు సూడు."

"కాలేంటక్కా?"

"చాపి, బొటనవేలుతోని అంచు అదిమి పట్టింది. మా అమ్మ గిట్లనే కూసునేది. గీ బిల్డింగులు కట్టేటప్పుడు మేం ఈడనే డేరాల ఉన్నం. వాన రాకముందే చినిగిన టార్పాలిన్ కుట్టేది."

బొమ్మను పెద్దది చేశాను. పడవ అతుకు మీద ఆమె చెయ్యి, వేళ్ల మధ్య సన్నని నార. నాలుగు రోజులుగా చూస్తున్నా నాకు కనబడలేదు. సిగ్గేసింది.

"బిడ్డను అలా కడితే నొప్పి పుట్టదా అక్కా?"

"పుట్టది. మంచిగ కట్టింది తల్లి. తన దిక్కే మొకం పెట్టింది సూడు."

వాక్యాన్ని ‘పడవ కుడుతున్న స్త్రీ’ అని మార్చాను. "వాళ్లు రాసిందే పెట్టేయండి, మనకెందుకండీ," అన్నారు మా టీమ్ లీడ్. మనసొప్పక, ఆ చేతి భాగాన్ని విడిగా కత్తిరించి కెనడాకు పంపాను. రెండు రోజులకు జవాబొచ్చింది. ఆ తెగలకే చెందిన ఒక పెద్దావిడకు చూపించారట. చెట్టు వేరు నారతో పడవ కుడుతోందని ఆవిడా అన్నారట. కేటలాగు మారింది.

వేలం అయిపోయిందని చెబితే అక్క అడిగింది, "ఎవరు కొన్నరు?"

"పేరు చెప్పరక్కా."

చేతిలో గుడ్డ మడుస్తూ, "మా అమ్మ ఫోటో ఒక్కటి గూడ లేదు మేడం," అంది.

మంచి కాగితం మీద రంగుల్లో ప్రింటు తీసి ఇచ్చాను. మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని తీసుకెళ్లింది. మూసాపేటలో తన కిరాయి గదిలో, బియ్యం డబ్బా పైన గోడకు అతికించిందట.

"మనుమరాలు ఎవరని అడిగింది," అంది మర్నాడు నవ్వుతూ. "మీ ముత్తవ్వ అసుంటామె, పనిల ఉన్నది, జర సప్పుడు జెయ్యకు అని చెప్పిన."