సీసా మీద యాభై, ట్యాంకు మీద ఇరవై ఐదు

మా ఇంట్లో మగవాళ్లు స్కూటర్ల మీద పెరిగినవాళ్లు. టూ-స్ట్రోక్ ఇంజిన్ అంటే చాలు, వాళ్లకు తెలియనిది లేదు. పెట్రోల్ పోశాక ట్యాంకులోనే ఆయిల్ పోయాలి. ఎంత అంటే, లెక్కకు ఒక మూత, ప్రేమకు ఇంకో మూత. ఆ తర్వాత బండిని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపాలి, రెండూ కలవడానికి. మల్కాజ్‌గిరిలో మా వీధిలో ఒకప్పుడు ఆఫీసు వేళకు ప్రతి గేటు ముందూ ఒక మగమనిషి పూనకం వచ్చినట్టు స్కూటర్‌ను ఊపుతూ కనిపించేవాడు. నాకు నవ్వు ఆగేది కాదు. ఆ స్కూటర్లు ఎప్పుడో పోయాయి. ఊపే అలవాటు మాత్రం వాళ్ల చేతుల్లోంచి పోలేదని నాకు మొన్న గడ్డి కోసే మిషన్ దగ్గర తెలిసింది.

ఆ మిషన్ కొన్నది అత్తమ్మ కోసం. మా మామగారి సమాధి బొల్లారం వైపు, క్రైస్తవుల శ్మశానంలో చివరి వరుసలో ఉంది. వానలు వెళ్లాక, నవంబర్ మొదట్లో మాకు సమాధుల పండుగ. ముందురోజు వెళ్లి గడ్డి తీసి, రాళ్లకు సున్నం వేస్తాం. పండుగనాటి సాయంత్రం పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. నిరుడు గడ్డి నడుములోతు పెరిగింది. అత్తమ్మ వాకర్ కాళ్లు అందులో చిక్కుకుపోయి అడుగు పడలేదు. పాములు ఉంటాయని అందరూ వద్దన్నారు. ఆమె గేటు దగ్గరే నిలబడి, మామగారు ఉన్నారనుకున్న దిక్కుకు తిరిగి ప్రార్థన చేసుకుంది.

ఈ ఏడు వానలు తగ్గగానే నన్ను పిలిచింది.

“ఈసారన్న ఆయన దగ్గరికి తీస్కపోతవా బిడ్డా? గేటు కాడ నిలవడుడు ఇంక నాతోని కాదు.”

“తీస్కపోతా అత్తమ్మా” అన్నాను. మాట ఇచ్చింది నేను కాబట్టి ఇక అది నా పని.

రెజిమెంటల్ బజార్‌లో మిషన్, దాంతోపాటు ఒక ఆయిల్ సీసా కొనుక్కుని, పండుగ ముందురోజు పొద్దున్నే మా ఆయన, మరిది, నేను శ్మశానానికి వెళ్లాం. నేను పంపు దగ్గర సున్నం కలిపి వచ్చేలోపు మా ఆయన పని షురూ చేసేశాడు. ట్యాంకులో పెట్రోల్ పోశాడు. పైనుంచి రెండు మూతల ఆయిల్ పోశాడు. తర్వాత మిషన్‌ను చంటిపిల్లలా ఎత్తుకుని అటూ ఇటూ ఊపుతున్నాడు.

“ఏందది?” అన్నాను.

“కలుపుతున్న. మాకు తెల్వదా ఏంది?”

ఇంజిన్ అంటుకుంది. తెల్లటి పొగ సమాధుల మీదంతా కమ్మింది. రెండు సమాధుల దూరం కోసేలోపే దగ్గి, ఆగిపోయింది. తాడు ఎంత లాగినా లేవలేదు. ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా, ఆయిల్‌లో ముంచి తీసినట్టు ఉంది.

మరిది సీసా చేతిలోకి తీసుకున్నాడు. “అన్నా, ఆయిల్ ఎక్కువైంది. సీసా మీద చూడు, యాభై పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్ అని రాసిండ్రు. గంతే పోద్దాం.”

“గంత తక్కువ పోస్తే ఇంజిన్ పట్టేస్తది రా. నాయిన బండికి ఎప్పుడన్న తక్కువ పోసిండా?”

అన్నదమ్ములిద్దరూ ఒక సమాధి గట్టు మీద కూర్చుని వాదన పెట్టుకున్నారు. ఎండ ఎక్కుతోంది. గడ్డి ఎక్కడిదక్కడే ఉంది. నాకు ఒళ్లు మండింది. మిషన్ ట్యాంకు మూత తుడిచి చూశాను. ఇరవై ఐదుకు ఒకటి అని పెద్ద అక్షరాల్లో ఉంది.

“సీసాకు తను ఏ ఇంజిన్‌ల పడుతదో తెలుస్తదా? నడవాల్సింది మిషన్. దాన్ని చేసినోళ్లు ఇరవై ఐదు అన్నరు. ఇరవై ఐదే.”

“పొగొస్తది వదినా.”

“జెర పొగొస్తే రానీ. ఇంజిన్ పట్టేస్తే రేపు అత్తమ్మను భుజం మీద మోస్తవా?”

ఇద్దరూ గట్టు దిగి మిషన్ దగ్గరికి వచ్చారు.

నేను స్కూల్లో సైన్సు చెబుతాను; ఇంట్లో మాత్రం ఎవరూ వినరు. అందుకే విడమరచి చెప్పాను. ఈ ఇంజిన్‌లో ఆయిల్‌కు వేరే చోటు లేదు, పెట్రోల్‌తో కలిసి వెళ్లిందే దానికి దిక్కు. తక్కువైతే లోపల రాపిడికి ఇంజిన్ బిగుసుకుని పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు మునుగుతుంది. సరిగా కలపకపోతే రెండూ జరుగుతాయి. అడుగున దిగిన ఆయిల్ ముందు వెళుతుంది, ఆ వెనక ఒట్టి పెట్రోల్ వెళుతుంది. కాబట్టి కలపడం ట్యాంకులో కాదు, బయట.

మా వాళ్ల మూతల సంగతి తెలుసు గనక అత్తమ్మ దగ్గుమందు కొలిచే గిన్నె సంచిలో వేసుకునే వచ్చాను. ట్యాంకు ఖాళీ చేయించాను. శుభ్రమైన డబ్బాలో సగం పెట్రోల్, లీటరుకు నలభై మిల్లీల చొప్పున ఆయిల్, మళ్లీ మిగతా పెట్రోల్ పోసి, మూత బిగించి బాగా కుదిపాను. మరిది ప్లగ్గును గరుకు కాగితంతో రుద్ది ఆరబెట్టాడు. తాడు లాగగా లాగగా ఇంజిన్ లేచింది. లోపల మిగిలిన పాత ఆయిల్ కాసేపు కక్కింది. తర్వాత గొంతు సరిచేసుకుని హాయిగా నడిచింది. మిషన్‌ను భుజానికి తగిలించుకునే బెల్టు కోసం మా ఆయన చెయ్యి చాపాడు. ఇవ్వలేదు, నేనే తగిలించుకున్నాను. గేటు నుంచి చివరి వరుస దాకా వాకర్ పట్టేంత కాదు, ఇద్దరు పక్కపక్కన నడిచేంత దారి కోశాను.

మర్నాడు సాయంత్రం అత్తమ్మ ఆ దారిలో నడిచింది. ఎవరినీ పట్టుకోనివ్వలేదు. రాయి మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది. ప్రార్థన అయ్యాక కళ్లు తెరిచి, రాయి పక్కన నేను వదిలేసిన గడ్డివైపు చూసింది.

“గీ పక్కకు సుత కోయకపోతివి?”

“అక్కడ ఎవరూ లేరు కద అత్తమ్మా.”

“నేనుంట కద బిడ్డా.”

మామూలుగానే అంది. పూలు సర్దమని నాకే పని చెప్పింది. నేను వంగి పూలు సర్దుతూనే ఉన్నాను.

మరుసటి రోజు పొద్దున స్కూలుకు సెలవు పెట్టి, పెట్రోల్ కలుపుకుని ఒక్కదాన్నే వెళ్లాను. ఆ చోటు కోసి, మిషన్ ఆపి, అక్కడే కూర్చుని మనసు తేలికయ్యేదాకా ఏడ్చాను. ఇంటికి వచ్చి “కోసిన అత్తమ్మా” అని చెప్పాను.

“సాఫ్‌గ కోసినవా?” అని అడిగింది.

సాఫ్‌గానే కోశానని చెప్పాను.