ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు

కిరందుల్ ఇనుప గనుల టౌన్‌షిప్ స్కూల్లో మా ఆయన లెక్కల మాస్టారు. ఏటా బడి తెరిచే ముందు టైంటేబుల్ కోసం స్టాఫ్‌రూమ్‌లో జరిగే రభస భరించలేక, ఆ పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాశారు. టీచర్ల పేర్లు, తరగతులు, పీరియడ్లు ఇస్తే అదే సర్దిపెట్టేది. పెన్‌డ్రైవ్‌లలో పడి అది దంతెవాడ, పక్క జిల్లా బీజాపూర్ దాకా వెళ్లింది. దాంతోపాటు మా ఫోన్ నంబరూ వెళ్లింది. అన్నం దగ్గర కూర్చుంటే ఫోన్లు, స్నానానికి వెళ్తే ఫోన్లు. చెప్పిందే చెప్పలేక, సహాయం కోసం వెబ్‌సైటు పెడదామన్నాను. అప్పుడు నాకు ఐదో నెల.

ఒక్కో తెర ఫొటో తీసి, నొక్కాల్సిన చోట ఎర్ర సున్నా చుట్టి, కింద తెలుగులో, హిందీలో రాసేదాన్ని. ఆయన వెనక నిలబడి తప్పులు పట్టేవారు. రాసిందాంట్లో సగం నవ్వుతూ రాసిందే.

ఆ వర్షాకాలంలో పాప పుట్టింది. ఏడవలేదు. జగదల్‌పూర్ ఆసుపత్రి నుంచి ఇద్దరమే తిరిగొచ్చాం. పాలు మాత్రం వచ్చాయి. కొన్నాళ్లకు అవీ ఆగిపోయాయి. అమ్మ వచ్చి, ఉండి, వెళ్లింది. ఆయన బడికి వెళ్లొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవారు. నాకు ఏడుపు రాలేదు. ఏదీ రాలేదు. కూరలో ఉప్పు మరిచిపోతే తినేదాకా ఇద్దరికీ తెలిసేది కాదు, తెలిశాక కూడా వేసుకునేవాళ్లం కాదు.

సైటుకు ప్రశ్నలు మాత్రం వస్తూనే ఉన్నాయి. పొద్దున్న గిన్నెలు తోమి వాటి ముందు కూర్చునేదాన్ని. తెలిసినవాటికి నేనే జవాబు రాసేదాన్ని, తెలియనివి ఆయన్ను అడిగేదాన్ని.

“తెలుగు అక్షరాలు డబ్బాల్లా వస్తున్నాయట.”

“ఫాంట్ లేదు.”

మా మధ్య మాటలంటే అవే.

ఒకరోజు దోర్నపాల్ దగ్గర పల్లెలో పనిచేసే మాస్టారొకాయన ఫోన్ చేశారు. సొంతూరు తెలుగు సరిహద్దులోని కొంట అట.

“మేడం, ఆ సైటు రాసింది మీరేనా?”

“నేనేనండి.”

“‘టీచర్లు చాలరు’ అని ఎర్రగ వస్తే ఇంకో టీచర్‌ను చేర్చమని రాసిన్రు. యాడికెళ్లి తెమ్మంటరు? ఉన్నదే ఇద్దరం. ఐదు తరగతులు.”

ఆ మాటలో కోపం లేదు. ఆయన వెనక పిల్లల గోల వినిపిస్తోంది. క్షమించమన్నాను.

“క్షమించుడేంది మేడం, ఏదన్న ఉపాయం చెప్పున్రి. పైనోళ్లు ప్రింటు తీసిన టైంటేబులే గోడకు పెట్టమంటున్నరు. ఒకటి, రెండు తరగతులు ఒక్కకాడ కూసుంటయ్. మిగిలిన మూడు నాకాడ. అట్ల ఇస్తే మీ ప్రోగ్రాం తీస్కుంటలేదు.”

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. గోడవైపు తిరిగి పడుకున్నవారు ఇటు తిరగలేదు.

“కుదరదు. ఒక టీచరు ఒక సమయంలో ఒకే తరగతిలో ఉంటాడు. అలాగే రాశాను.”

“వాళ్లకు కుదురుతోందట.”

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. కాసేపటికి కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది. ఆ వారమంతా ఆయన బడి నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. చివరికి ఆ మాస్టారి నంబరు అడిగి తనే ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

“అందరూ ఒకే గదిలోనా, వేరువేరుగానా?”

“గది ఒక్కటే సార్. ఇంకోటి వరండా.”

“వాన పడితే?”

“పడితే అందరం లోపల్నే.”

“సరే, అదీ పెడతాను,” అన్నారు.

ఆయన అన్నేసి మాటలు మాట్లాడటం విని ఎంతకాలమైందో. బియ్యం కడుగుతున్న గిన్నెతోనే గుమ్మంలో నిలబడి విన్నాను. సంతోషించాల్సిన సంగతే. కడుగు నీళ్లు మోచేతి దాకా కారుతున్నాయని మాత్రం తెలిసింది.

ప్రోగ్రామ్ మారింది. సైటులో పాత వాక్యం తీసేసి, ‘ఒకే టీచరుకు రెండు మూడు తరగతులుంటే ఒక గుంపుగా పెట్టండి’ అని రాశాను. ఆయన వెనక నుంచి చదివారు.

“గుంపు అనొద్దు. పిల్లలు కదా. కలిపి కూర్చోబెట్టండి అను.”

నేను తల తిప్పలేదు. ఆయన చెప్పినట్టే దిద్దాను.

కొన్నాళ్లకు మాస్టారు మళ్లీ ఫోన్ చేశారు. “మంచిగొచ్చింది మేడం, గోడకంటించినం. సార్‌కు చెప్పున్రి.” తర్వాత మామూలుగా అడిగారు, “మీకు పిల్లలెంతమంది?”

“లేరండి. పాప పుట్టి పోయింది.”

బయటివాళ్లతో ఆ మాట అనడం అదే మొదలు.

“అయ్యో తల్లీ,” అన్నారాయన. “మల్ల చేస్త,” అని పెట్టేశారు.

సాయంత్రం మా ఆయన వచ్చాక చెప్పాను. “దోర్నపాల్ మాస్టారు ఫోన్ చేశారు. బాగా వచ్చిందట. పిల్లలెంతమంది అని అడిగారు.”

“ఏం చెప్పావు?”

“ఉన్నది చెప్పాను.”

తలూపి, సంచీ కింద పెట్టి, వంటింటి గడప మీద కూర్చున్నారు. టీ కాగేదాకా అక్కడే ఉన్నారు.