నీళ్లు తాగనియ్యని పని

మా పెద్దమ్మ పోయిందని సూరత్‌లోని బమ్రోలి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను బడిలో పిల్లల హాజరు పిలుస్తున్నాను. కబురు చెప్పిన పక్కింటాయన చివర్లో ఒక మాటన్నాడు. "కిడ్నీలు ఖరాబైనయ్ గదమ్మా. జర సూస్కోలేదు, నిర్లక్ష్యం జేసింది." శ్మశానంలో ఇంకో ఇద్దరు అదే అన్నారు. పోయినవాళ్లను తలుచుకుంటూ శాంతంగా రాయాలని పెద్దలంటారు. నాకు చేతకావడం లేదు. నిర్లక్ష్యమట. ఎవరిది?

ఆమె నాకు రక్తసంబంధం కాదు. బమ్రోలిలో మా పక్క ఖోలీ. ఒక్క గదిలోనే వంటా, పడకా అన్నీ. అలాంటి ఇంటిని అక్కడ ఖోలీ అంటాం. మా అమ్మకంటే పెద్దది కాబట్టి పెద్దమ్మ అయింది. పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల వైపు నుంచి భర్త వెంట సూరత్ వచ్చింది. ఆయన సాంచాలు నడిపితే, ఆమె ఆ మరమగ్గాల పక్కనే కూర్చుని కండెలు చుట్టేది. ఆ హోరులో చెవులు సగం పోయాయి. అందుకే ఆమెకు గుసగుస రాదు. నాకు సంబంధం చూడటానికి వస్తున్నారన్న రహస్యాన్ని పెద్దమ్మ మా అమ్మ చెవిలోనే చెప్పింది, అయినా వరుసలోని ఖోలీలన్నిటికీ తెలిసిపోయింది. ఆదివారం సర్వపిండి కాలిస్తే మొదటిది మా ఇంటికే వచ్చేది. "కాలింది మాడింది సూడకు, తిను" అనేది.

భర్త దగ్గుతో పోయాక చీరల కార్ఖానాలో చేరింది. అంచులకు లేసు కుట్టడం, మెరుపురాళ్లు అతికించడం. పొద్దున సగం గ్లాసు చాయ్ తాగి బయలుదేరేది. నీళ్లు ముట్టేది కాదు. ఎందుకని అడిగితే, "తాగితే యాడికి పోవాలె బిడ్డా?" అంది. ఆ రేకుల షెడ్డులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. మగవాళ్లు వెనకాల గోడ చాటుకు వెళ్లేవారు. ఆడవాళ్లు సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చునేవారు. నడుము లాగితే మందుల షాపువాడు ఇచ్చే నొప్పి గోలీ మింగేవారు. డాక్టరు దగ్గరికి వెళితే ఆ పూట కూలి పోతుంది.

ఒక ఎండాకాలం, మా వరుసలోకి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి కార్ఖానాలో పని చేస్తూనే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, చీర తడిసింది. తెలివి రాగానే ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "ఎవలెవలు సూసిన్రు?" మూత్రంలో చీము పట్టిందని, నీళ్లు బాగా తాగాలని డాక్టరు చెప్పాడు.

పెద్దమ్మ కార్ఖానా సేఠ్ దగ్గరికి వెళ్లి, వచ్చీరాని హిందీలో దొడ్డి కట్టించమని అడిగింది. "మాసీ, జగా కహాఁ హై?" అని ఆయన నవ్వాడట. జాగా లేదట! చీరల మూటలు పెట్టుకోవడానికి మాత్రం వేరే గదే ఉంది.

మర్నాడు పొద్దున ఖోలీ ఖోలీకీ తిరిగింది. "నీళ్లు తాగున్రి. కడుపు నిండ తాగి రాన్రి" అని పనికి వచ్చే ఆడవాళ్లందరికీ చెప్పింది. కార్ఖానాలో కాసేపటికి ఒకామె లేచింది. ఆమె వెంట పెద్దమ్మ లేచింది. చూస్తుండగానే అందరూ లేచారు. ఎక్కడికని సూపర్‌వైజర్ అరిస్తే, పెద్దమ్మ తన మామూలు గొంతుతోనే, అంటే వీధికంతా వినబడేలా, "ఇంటికి! ఒంటికి పోనీకి!" అంది. బజారు మధ్యలోంచి ఆడవాళ్లంతా నడిచి ఇళ్లకు వచ్చారు, పని కానిచ్చుకుని తిరిగి వెళ్లారు. మధ్యాహ్నం మళ్లీ అదే. మరునాడూ అదే. దారిలో పళ్లికిలించిన మగవాళ్లను, "మీ అమ్మలు పోరా?" అని నోరు మూయించింది.

రేపటి నుంచి రావద్దని సేఠ్ బెదిరించాడు.

"మంచిది సేఠ్. ఎవ్వలం రాము. లేసులు నువ్వే కుట్టుకో."

పెళ్లిళ్ల కాలం, సరుకు ఆగిపోయింది. ఆ వారం దాటకుండానే ఇటుకలు దిగాయి. కట్టడమైతే కట్టారు కానీ, సూపర్‌వైజర్ దానికి తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాడు. అవసరమైనవాళ్లు వచ్చి తనను అడగాలట. పెద్దమ్మ మర్యాదగా అడిగింది, తాళం తీసింది, ఆ తాళాన్ని తీసుకెళ్లి వెనకనున్న మురుగుకాల్వలో పడేసి వచ్చి కూర్చుంది. "నీళ్లు తాగనియ్యని పని ఏం పని బిడ్డా? జైల్ల గూడ కుండ పెడ్తరు" అంది నాతో.

ఆనాడు కింద పడ్డ అమ్మాయి బాగుపడింది. పెద్దమ్మ ఒంట్లో మాత్రం అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ముఖం ఉబ్బి, అన్నం సయించక పడుకుంటే పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. పట్టించుకోని బీపీ, ఏళ్ల తరబడి మింగిన గోలీలు, తాగని నీళ్లు, అన్నీ కలిశాయని అక్కడి డాక్టరు చెప్పాడు. డయాలసిస్ చేయాలన్నాడు.

ఉచితంగా చేయాలంటే కార్డు కావాలి. ఆమె కార్డు తెలంగాణది, ఇక్కడ చెల్లదన్నారు. ఇక్కడిది కావాలంటే అద్దె కాగితం తెమ్మన్నారు. ఖోలీ యజమాని ఎన్నడూ ఎవరికీ కాగితం ఇచ్చి ఎరగడు. పనిచేసినట్టు రాసిమ్మంటే సేఠ్, ఈమె మా మనిషని రుజువేదన్నాడు. సూరత్ చీరల అంచుల నిండా ఆమె కుట్లే, రుజువు మాత్రం లేదు! చివరికి కౌంటరులోని ఆయన తల ఎత్తకుండానే, "మాసీ, తమారే గామ్ జావ్" అన్నాడు. మీ ఊరికి పొమ్మని.

ఆమె కొడుకు సూరత్ దగ్గరి కిమ్‌లో చేస్తున్న పని వదిలేసి తల్లిని ఊరికి తీసుకెళ్లాడు. అక్కడ, ఎన్నో ఏళ్లుగా ఊళ్లో లేరని రేషన్ కార్డులోంచి పేరు కొట్టేశారు, ఆ కార్డు అక్కడా చెల్లలేదు. తిరిగొచ్చాక పెద్దమ్మ నన్ను అడిగింది: "గాళ్లు సూరత్‌దానివంటరు. గీళ్లు మీ ఊరికి పో అంటరు. నడుమ రైలుల బతకాల్నా బిడ్డా?" నవ్వుతూ అన్నది కాదు. జవాబు కోసం నా ముఖంలోకి చూసింది.

డబ్బు దొరికినప్పుడల్లా ప్రైవేటులో చేయించాం. దొరకనప్పుడు ఆగిపోయింది. చెడిన కిడ్నీలు నీటిని బయటికి పంపలేవని, ఆ రోజుల్లో ఆమెకు నీళ్లు కొలిచి ఇవ్వమన్నారు. పెదవులు ఎండి అట్టకట్టేవి. "తాగుదామంటే దొడ్డి లేకుండె. దొడ్డి కట్టిచ్చినంక తాగొద్దంటున్రు" అంది ఒకసారి. గ్లాసు నా చేతిలోనే ఉంది. ఇంకో గుక్క పొయ్యలేకపోయాను.

ఇన్ని తలుపులు తట్టిన మనిషిని పట్టుకుని నిర్లక్ష్యం చేసిందంటారా? తలుపులు తీయనివాళ్లను ఏమనాలి మరి?

మొన్న మరణపత్రం కోసం ఆమె కొడుకుతో కలిసి ఆ దవాఖానకు వెళ్లాను. అదే కౌంటరు. మాకు ముందు ఒక ఒడియా ఆయన, అద్దానికున్న చిన్న కన్నం దాకా వంగి, తెలిసిన నాలుగు హిందీ ముక్కలనే తిప్పి తిప్పి చెబుతున్నాడు. లోపలాయన తల ఎత్తడం లేదు. వెనకాల గోడనానుకుని ఆయన భార్య నిలబడి ఉంది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టనట్టున్నాయి. జత చెప్పులూ చేతిలో పట్టుకుని, చల్లటి బండ మీద ఒక కాలు మార్చి ఒక కాలు మోపుతూ, భర్త వీపు వైపే చూస్తోంది.