ఆమెకి ఇకామా ఎవరిస్తారు?

గల్ఫ్ యుద్ధం మొదలయ్యాక మా ఆయన దగ్గర్నుంచి ఫోన్లు ఆగిపోయాయి. ఆయన ఇంజనీరు. కంపెనీ వాళ్ళు పని మీద హఫర్ అల్ బాతిన్ అనే ఊరికి పంపారు. కువైట్ సరిహద్దు అక్కడికి ఎంతో దూరం కాదు. నేనూ, ఆరేళ్ళ కూతురూ జెద్దా ఫ్లాట్‌లో మిగిలాం. టీవీ పెడితే భయం, కట్టేస్తే అంతకన్నా భయం. కాలుగాలిన పిల్లిలా వంటింటికీ ఫోనుకీ మధ్య తిరిగేదాన్ని.

కింది ఫ్లాట్‌లోని ఇంగ్లీషు నర్సు తమ దేశం వెళ్ళిపోతూ పాపకి ఒక కట్ట పాత బొమ్మల పత్రికలు ఇచ్చింది. ఆ నర్సు వాళ్ళ నాన్న చిన్నప్పటివట. పట్టుకుంటే కాగితం అప్పడంలా విరిగేది. వాటినిండా సాహసాలు చేసే ఆడవాళ్ళే. ఒకామె విమానం నడుపుతుంది, ఇంకొకామె కత్తి పట్టుకుని చిరుతపులి మీదికి దూకుతుంది. ఈ దేశంలోకి వచ్చే అన్ని పత్రికలకీ పూసినట్టే, వాళ్ళ చేతులూ కాళ్ళూ కనిపించినచోటల్లా నల్ల మార్కరు పూసి ఉంది. దాంతో పాపం, చిరుతతో కుస్తీ కూడా బురఖాలోనే పట్టాల్సివచ్చింది.

సాయంత్రాలు ఆ కథలు పాపకి తెలుగులో చెప్పేదాన్ని. నాకు వాళ్ళంటే ఇష్టమే, కానీ అంతకుమించి ఒళ్ళుమంట. ఒక్కదానికీ చంకలో పిల్ల ఉండదు, పొయ్యి మీద పాలుండవు. ఎవరి ఫోను కోసమూ కాచుకుని కూర్చోదు.

"అమ్మా, ఈమె వాళ్ళాయన ఏడి?" అంది పాప ఓరోజు, విమానం నడిపే ఆమెని చూపించి.

"లేడు. ఒక్కతే."

"మరి ఈమెకి ఇకామా ఎవరిస్తారు?"

ఇకామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి. మా ఇద్దరి పేర్లూ ఆయన ఇకామాలోనే ఉన్నాయి. నవ్వబోయాను, నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయనకేమైనా అయితే మేమెవరం? ఇక కూర్చోలేకపోయాను. మర్నాడు పొద్దున్నే బురఖాలాంటి అబాయా వేసుకుని, పాపని వెంటబెట్టుకుని, టాక్సీలో ఆయన కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. ఆయన పక్కన లేకుండా టాక్సీ ఎక్కడం అదే మొదలు.

కౌంటర్ దగ్గరున్న తెలంగాణ గుమాస్తా నన్ను చూసి కంగారుపడ్డాడు.

"అమ్మా, లేడీస్ ఒక్కరే ఇట్ల రావద్దు. ఏమన్న ఉంటే సార్‌ను పంపుండ్రి."

"ఆ సారు బతికున్నాడో లేడో చెప్పమనే వచ్చానయ్యా!"

ఆఫీసంతా తలలు తిప్పి చూసింది. అతను గబగబా లోపలికి వెళ్ళొచ్చి, "సైటుకి కబురు పంపిస్తం, మీరు ఇంటికి పోండ్రి" అన్నాడు.

ఆ సాయంత్రం ఫోను మోగింది. ఆయనే! సంతోషంతో రిసీవర్‌ని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఒక్కదానివే ఆఫీసుకెళ్ళావట? నలుగురూ ఏమనుకుంటారు?"

ఎలా ఉన్నావని లేదు, పాప ఏంచేస్తోందని లేదు. కోపం ఆగక రిసీవర్ ఠపీమని పెట్టేశాను. పెట్టాక గుండె గుభేలుమంది. అక్కడినుంచి మళ్ళీ లైను ఎప్పుడు దొరుకుతుందో! ఎలా ఉన్నారని నేనైనా అడగలేదు.